నాదమునకు జల్లెడ



నేటి ప్రసంగ విషయమును విని మీలో కొందరు నవ్వుకొనియుందురు. మాడ్యులరు సింథసైజరు అను విద్యుద్వాద్యమును క్రొత్తగా కూర్చుకొనువాడు తన తొలి ఫిల్టరును ఎట్లు ఎన్నుకొనవలెననునది విషయము. పంచకావ్యములు చదివి, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో ముప్పదిమూడు సంవత్సరములు ఛందోవ్యాకరణములు చెప్పుకొని బ్రదికిన తెలుగు పండితునికి ఇది ఎట్లు పట్టుబడినదని సందేహము కలుగుట న్యాయమే. ఫిల్టరన్న మాటకు మొన్నమొన్నటివఱకు నాకు కాఫీ దిగెడి ఇత్తడి పాత్ర ఒక్కటియే అర్థము. అయితే, వినువారిలో తాతలు పెక్కురు కలరు. మనుమడో మనుమరాలో వచ్చి "తాతయ్యా, నాకొక ఫిల్టరు కొనిపెట్టవూ" అని అడుగు దినము మీకును రావచ్చును. వస్తువేమో తెలియక కాదనుటయు తగదు, తెలియక ఔననుటయు తగదు. నాకు ఆ దినము నిరుటి వేసవిలో వచ్చెను.

మీ రెఱిగినదానితోనే ఆరంభించెదను. పూర్వము పంచాయతీ కార్యాలయములలో నుండెడి పెద్ద రేడియో పెట్టెకు శబ్దమును పెంచు నాబొకటి, స్టేషనును మార్చు నాబొకటి, మఱియు 'టోను' అను నాబొకటి యుండెడివి. ఈ టోను నాబును ఒకవైపు త్రిప్పిన పాట చురుకుగా, కొంత గరగరతో వినవచ్చెడిది. రెండవవైపు త్రిప్పిన గరగర అణగి, పాట దుప్పటి కప్పుకొన్నట్లు మెత్తపడెడిది. పాట అదే, పాడువారు వారే, శ్రుతియు అదే. నాదములోని పైభాగము మాత్రము తగ్గినది. ఆ నాబు చేసిన పనియే ఫిల్టరు పని. అందుచేత మీరు తెలియకుండగనే చిన్నతనమున ఫిల్టరును వాడియున్నారు.

శిక్షాశాస్త్రము తెలిసినవారికి ఇంతకంటె దగ్గఱి ఉదాహరణ మున్నది. అకారము కంఠ్యము, ఇకారము తాలవ్యము, ఉకారము ఓష్ఠ్యము అని మనము చదువుకొంటిమి. ఇప్పుడొక పని చేసి చూడుడు. ఒకే శ్రుతిలో 'ఆ' అని దీర్ఘముగా పలుకుచు, శ్రుతిని మార్పక, పెదవులను మెల్లమెల్లగా గుండ్రముచేసి 'ఊ' వఱకు పొండు. గొంతులోని కంపనము మారలేదు. మారినది నోటి ఆకారము. గొంతు ఇచ్చిన నాదములో ప్రధానస్వరము వెంట పెక్కు పైస్వరములు పుట్టును. సంగీతజ్ఞులు వీనినే స్వయంభూస్వరము లందురు. నోరు వానిలో కొన్నింటిని పోనిచ్చి, కొన్నింటిని అణచి, అచ్చులను నిర్మించుచున్నది. అనగా భగవంతుడు ప్రతి మనుష్యునికిని పుట్టుకతోనే ఒక ఫిల్టరు నిచ్చినాడు. దానిని వెలగట్టి కొనవలసిన పని యంత్రమునకే కలిగినది.

ఆ యంత్రమును గూర్చి కొంచెము. అమెరికాలో రాబర్ట్ మూగ్ న్యూయార్కు రాష్ట్రమునను, డాన్ బుక్లా కాలిఫోర్నియాలోను, ఎవరి దారిని వారు, 1963, 1964 ప్రాంతముల ఇట్టి వాద్యములను నిర్మింప నారంభించిరి. 1968 లో వెండీ కార్లోస్ మూగ్ యంత్రముపై బాఖ్ రచనలను వాయించి రికార్డుగా వెలువరించిన పిమ్మట దీనిపేరు ఇల్లిల్లు తిరిగెను. మన దేశమునకును ఇది క్రొత్తది కాదు. 1969 లో డేవిడ్ ట్యూడర్ అను అమెరికా సంగీతకారుడు అహమదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ యంత్రముతో ఒక స్టూడియోను నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలగువారు అందులో పనిచేసిరి. వారు చేసిన టేపులు చిరకాలము బీరువాలలో నిద్రించి 2023 లో లోకమునకు వినవచ్చినవి.

మాడ్యులరు అనగా భాగములుగా నుండునది. ఛందస్సులో గణము లెట్లో, ఇందులో పలక లట్లు. ఒక పలక స్వరమును పుట్టించును, ఒకటి బలమును హెచ్చించి తగ్గించును, ఒకటి నాదమును వడపోయును. గణములను కూర్చి వృత్తము నల్లినట్లు, పలకలను తీగలతో కలిపి వాద్యమును అల్లుకొనవలెను. జర్మనీదేశమున డీటర్ డోప్ఫర్ అను నతడు 1990ల దశకపు నడుమ ఒక కొలతను ప్రవేశపెట్టెను. యూరోర్యాక్ అను ఆ కొలతలో పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, విద్యుత్తు ధన ఋణములుగా 12 ఓల్టులు. ఈనాడు పెక్కు దేశములవారు ఈ కొలతకే పలకలు చేయుచున్నారు గనుక, ఎవరి పలక యైనను ఎవరి పెట్టెలోనైనను కూర్చుండును. రేడియో టోను నాబునకును ఈ ఫిల్టరునకును గల ముఖ్యభేద మేమనగా, అక్కడ నాబును మనచేయి త్రిప్పును. ఇక్కడ చేతితోబాటు విద్యుత్తు కూడ త్రిప్పగలదు. ఒక తీగద్వారా ఓల్టేజి హెచ్చి తగ్గుచుండ, వడపోత దానియంతట తెఱచుకొని మూసికొనుచుండును.

మా కూతురి కొడుకు పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు చదువుచున్నాడు. వేసవి సెలవులకు మా తెనాలి ప్రాంతపు పల్లెకు ఒక పెట్టెతో దిగినాడు. అందులో స్వరమును పుట్టించు పలక యొకటి, బలమును మార్చు పలక యొకటి, మిగిలినదంతయు ఖాళీ. ఆ ఖాళీలో మూడు ఫిల్టరులు కావలెనని వాని కోరిక. సుంకముతో కలిపి ఒక్కొక్కటి పదివేల రూపాయలకు పైబడునని తెలిసి, నేను మాస్టరీ బుద్ధితో "మూడెందుకురా? మొదట అవి ఏమిటో నాకు పాఠము చెప్పు. ఆ పాఠము నాకు అర్థమైన కొనిపెట్టెదను" అంటిని. వాడు వారము దినములు నాకు గురువై కూర్చుండెను. నేను చెప్పునది ఆ పాఠమే.

ఫిల్టరులలో ముఖ్యముగా నాలుగు తెఱగులు. ఊరి చివర పెండ్లిలో మైకు మ్రోగుచుండగా మనము తలుపు మూసికొని పండుకొన్నచో, డోలు దెబ్బ మాత్రము గోడలగుండ వచ్చును, సన్నాయి రాదు. అది లో పాస్. క్రిందివానిని పోనిచ్చి పైవానిని ఆపును. అదే మేళమును చిన్న ట్రాన్సిస్టరులో విన్నచో డోలు టకటకమనును గాని గుండెకు తగులదు. క్రిందిది పోయి పైది మిగిలినది. హై పాస్ చేయునది అదియే. పాత టెలిఫోనులో సెకండునకు సుమారు 300 మొదలు 3400 వఱకు గల కంపనములే దాటెడివి. నడుమ పట్టీని మాత్రము పోనిచ్చునది బ్యాండ్ పాస్. నాల్గవదియైన నాచ్ దానికి విరుద్ధము. ఎలుక కొఱికిన చాపవలె నడుమ ఒక చీలిక తీసి, అంచులను వదలివేయును.

పనిలో పనిగా ఒక మాట. సన్నని నూలుపోగు వంటి శుద్ధస్వరమునకు ఫిల్టరు పెట్టిన ప్రయోజనము లేదు. పైస్వరములే లేనప్పుడు వడపోయుట కేమున్నది? పాలలో నలుసు లేనప్పుడు గుడ్డ యెందుకు? రంపపు పండ్ల ఆకారముగల తరంగ మొకటి కలదు. దానిలో ప్రధానస్వరమునకు రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు అని అన్ని పైస్వరములును వరుసగా నుండును. ఫిల్టరును పరీక్షించుటకు అదియే తగినది.

నేను జల్లెడ యని పేరు పెట్టితిని గాని, జల్లెడకును దీనికిని ఒక భేదము కలదు. జల్లెడ కన్నునకు ఒకే కొలత. గింజ పట్టిన దిగును, పట్టనిచో నిలుచును. ఫిల్టరట్లు నిక్కచ్చిగా నుండదు. దానికొక ఎల్ల యుండును. ఇంగ్లీషువారు కటాఫ్ అందురు. ఎల్ల దాటిన స్వరమును ఒక్కసారి చంపక, దూరము పోనుపోను తగ్గించును. ఎంత వేగముగా తగ్గించుననునదే దాని వాలు. ఈ వాలును డెసిబెలులలో చెప్పుదురు. మావాడు లెక్క చెప్పగా నాకు మొదట తలకెక్కలేదు. పిమ్మట మా తండ్రిగారి కాలపు నాణెములలోనికి మార్చుకొంటిని. 1957 లో నయాపైసలు వచ్చుటకు పూర్వపు లెక్క మీకును తెలిసినదే గదా.

ఎల్లకు సరిగా ఒక స్థాయి పైన, అనగా రెట్టింపు కంపనములతో, రూపాయి బలముగల స్వర మొకటి యున్నదనుకొనుడు. 6 డెసిబెలుల వాలుగల ఫిల్టరు దానిని అర్ధరూపాయి చేయును. 12 వాలుగలది పావలా చేయును. 18 వాలుగలది బేడ. 24 వాలుగలది అణా. ఇంకొక స్థాయి పైకి పోయినచో, పావలా ఫిల్టరులో అణా మిగులును. అణా ఫిల్టరులో అణాకు పదునాఱవ వంతు, అనగా దమ్మిడీకంటె తక్కువ మిగులును. ఇది తెలిసినచో సగము విద్య తెలిసినట్లే. 24 వాలుగలది గట్టిగా తలుపు మూయును. 12 వాలుగలది తలుపు ఓరగా వేసినట్లుండి, లోపలి వెలుతురు కొంత బయటికి వచ్చుచుండును.

ఇంక అనునాదము. దిగుడుబావిలోనికి వంగి రాగము తీసినవారికి తెలియును. ఏదో ఒక స్వరము వద్ద మాత్రము బావి తానును పలుకును. ఫిల్టరులో రెండవ నాబు ఆ పని చేయును. ఎల్ల దగ్గఱ నున్న స్వరమును ప్రత్యేకముగా పైకెత్తును. కొన్ని ఫిల్టరులలో ఈ నాబును చివరివఱకు త్రిప్పినచో, లోపలికి ఏ నాదమును పంపకున్నను ఫిల్టరు తానే ఈలవేయ మొదలుపెట్టును. ఆ ఈల హఠాత్తుగా వచ్చును, మిక్కిలి తీవ్రముగా నుండును. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని వాయించు పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పవలెను. అనునాదపు నాబును ముట్టుకొనుటకు ముందు శబ్దమును తగ్గించుకొనుట అలవాటు చేయుడు. చెవి పోయిన తిరిగి కొనుటకు ఏ దేశమునను దొరకదు.

ఇక పేరుపడ్డ తెఱగులు. మూగ్ నిచ్చెన ఫిల్టరు 24 వాలుగలది. లోపల ట్రాన్సిస్టరులను జతలుజతలుగా మెట్లవలె పేర్చుటచేత ఆ పేరు వచ్చెను. మూగ్ దీనికి 1966 లో పేటెంటు కోరగా 1969 లో లభించెను. గంభీరమైన మంద్రనాదమునకు దీనిని మించినది లేదని రసికు లందురు. దీనికొక గుణమున్నది. అనునాదము పెంచినకొలది క్రిందిభాగము పలుచబడును. దీనిని దోషమనువారు కలరు, సొగసనువారు కలరు. టామ్ ఓబర్‌హైమ్ 1974 లో తెచ్చిన ఎస్.ఇ.ఎం. అను యంత్రములోని ఫిల్టరు 12 వాలుగలది. ఒక నాబును త్రిప్పిన లో పాసు నుండి నాచ్ మీదుగా హై పాసునకు పోవును. బ్యాండ్ పాసును ఉన్నది. ఇది తనంతట ఈలవేయదు. జపానులోని కోర్గ్ వారు 1978 లో చేసిన ఎం.ఎస్. 20 ఫిల్టరు కీచుమని అఱచుటకు ప్రసిద్ధి. పడుచువాండ్ర కది ప్రియము. నాకు మాత్రము బండికి ఇరుసున కందెన లేనప్పటి రొద జ్ఞప్తికి వచ్చెను. బుక్లా త్రోవ వేఱు. ఆయన లో పాస్ గేట్ అను దానిలో ఒక దీపమును, వెలుతురు పడిన విద్యుత్తును ఎక్కువ పోనిచ్చు వస్తువును ఎదురెదురుగా బిగించి చీకటిలో మూసివేసినారు. దీపము వెలిగిన నాదము బిగ్గఱగాను చురుకుగాను వచ్చును. దీపము మెల్లగా ఆఱుచుండగా బలమును చురుకును కలిసియే తగ్గును. ఘటము మీదనో గంట మీదనో కొట్టినప్పుడు సహజముగా జరుగునది ఇదియే గదా. అందుచేత దాని నాదము కొట్టిన వాద్యమువలె నుండును.

ఇన్ని యుండగా తొలిది ఏది? నా అభిప్రాయము చెప్పెదను. మొదటి ఫిల్టరు నాలుగు తెఱగులను ఒకే పలకలో చూపునదిగా, 12 వాలుగలదిగా నుండవలెను. ఎందుచేతననగా, నేర్చుకొనువానికి తేడాలు వినబడవలెను. అణా ఫిల్టరు ఏ స్వరమును పెట్టినను తన గొంతుతోనే పలికించును. పావలా ఫిల్టరులో పెట్టిన స్వరపు స్వభావము ఇంకను తెలియుచుండును. రెండవది, బయటి ఓల్టేజిని పుచ్చుకొను రంధ్రమునకు ఆ ఓల్టేజి ఎంత పనిచేయవలెనో తగ్గించుకొను చిన్న నాబు తప్పక యుండవలెను. అది లేని పలకలను చవుకగా వచ్చినను కొనవద్దు. మూడవది, రెండవ ఫిల్టరును ఇప్పట్లో తలచవద్దు. ఆ ధనముతో ఫిల్టరును కదలించు పలకను కొనవలెను. మెల్లగా ఊగు ఓల్టేజినిచ్చునది యొకటి, మీట నొక్కగానే లేచి దిగు ఓల్టేజినిచ్చునది యొకటి కలవు. జల్లెడ పట్టుటకు చేతులు కావలెను గదా. మూడు జల్లెడలు కొని చేతులు లేకపోయిన పిండి రాలునా? మావాని మూడు ఫిల్టరుల కోరిక ఈ ఒక్కమాటతో తీరిపోయెను.

కొనుటకు ముందు వినవలెను. వీ.సీ.వీ. ర్యాక్ అను కంప్యూటరు కార్యక్రమము 2017 నుండి ఉన్నది. ఉచితముగా దొరకును. అందులో ఈ పలకల బొమ్మలే నిజముగా పనిచేయును. నెల దినములు దానితో ఆడి, ఏ ఫిల్టరు లేనిదే తోచదో అది కొనుమని పిల్లలకు చెప్పవచ్చును. పేరు చూచి కొనరాదు, వెల చూచి కొనరాదు, చెవితో కొనవలెను. ఇది నా ఉపదేశము. ఇది చెప్పిన పిమ్మట నాకే పరాభవము కలిగిన కథ చెప్పవలసియున్నది.

మా ఇంట మా తండ్రిగారి తంబుర యున్నది. తీగ క్రింద నూలుపోగును వెండ్రుకవాసి జరిపి జీవాళి పలికించుటలో నాకు కొంత పేరు. ఆ గర్వముతో, మావాడు స్నేహితునియొద్ద నుండి నిచ్చెన తెఱగుది ఒకటి, ఓబర్‌హైము తెఱగుది ఒకటి ఎరువు తెచ్చినప్పుడు, "నేను కన్నులు మూసికొనియెదను, నీవు వాయించు, ఏది మేలో నేను చెప్పెదను" అంటిని. పరీక్షకు రెండు నియమములు పెట్టితిని. రెండింటికిని ఒకే రంపపు తరంగమును పంపవలెను. రెండును సమానమైన బలముతో వినబడవలెను. బిగ్గఱగా నున్నది మంచిదివలె తోచుట చెవికి సహజమైన మోసము గనుక ఈ రెండవ నియమము మఱువరానిది.

వాడు ఎల్లను పండ్రెండు వేల కంపనముల వద్ద నుంచి నెమ్మదిగా క్రిందికి దించసాగెను. "మార్పు తెలియగానే చేయి ఎత్తు తాతయ్యా" అనెను. నేను కూర్చుంటిని. ఎంతసేపటికిని మార్పు లేదు. "ఇంకను మొదలుపెట్టలేదా?" అని అడిగితిని. వాడు బదులు చెప్పలేదు. వంటయింటినుండి మా ఇంటిది "ఏమండీ, ఆ సన్నపు శబ్దమంతా ఎప్పుడో పోయింది కదా, ఇప్పుడు మెత్తగా ఉంది" అనెను. కన్నులు తెఱచి చూడగా నాబు ఆఱువేల దగ్గఱ నున్నది. పిల్లవాడు నా మొగమువంక చూడలేక తీగలను సవరించుచుండెను.

తెనాలిలో చెవి వైద్యునికి చూపించుకొంటిమి. ఆయన పరీక్షచేసి ఒక కాగితము చేతికిచ్చినాడు. అందులో ఎడమనుండి గీత సమముగా వచ్చి, కుడివైపు పోనుపోను క్రిందికి వాలినది. మావాడు దానిని చూచి, ఏమియు అనక, తన ఫిల్టరు పుస్తకములోని బొమ్మను తీసి ప్రక్కన నుంచెను. రెండు గీతలు నొకటే. వయస్సు మీఱినవారికి పైస్వరములు ముందుగా పోవుట సాధారణమని వైద్యుడు చెప్పెను. సకారములోని బలము నాలుగువేల కంపనములకు పైననే ఎక్కువగా నుండునట. పెక్కు కీచురాళ్ళ కూతయు నాలుగైదు వేలట. రెండు మూడేండ్లుగా మా పెరటిలో కీచురాళ్ళు తగ్గినవని, పురుగుమందులవలన నశించినవని నేను పదిమందితో వాదించియుంటిని.

శషసలను పలికించుట ముప్పదిమూడేండ్లు నా వృత్తి. ఆ రాత్రి మావాడు ఇంకొక పరీక్ష పెట్టినాడు. నిచ్చెన ఫిల్టరు ఎల్లను రెండువేల వద్ద నిలిపి, మైకుముందు మా ఇంటిదానిచేత శమము, సమము, శరము, సరము అని మాటలు చదివించి, ఆ వడపోసిన ధ్వనిని తాను విని వ్రాసెను. పదునెనిమిదేండ్ల చక్కని చెవులు. అయినను సగము తప్పులు వ్రాసినాడు. ఆ కాగితము చేతికిచ్చినప్పుడు అది నేను పూర్వము చూచినట్లు తోచెను. నా ఉద్యోగపు తొలి సంవత్సరములలో ఒక పిల్లవాడు కడపటి బల్లమీద కూర్చుండెడివాడు. ఉక్తలేఖనములో శకార సకారములు ఎన్నడును సరిగా వ్రాయలేదు. అజాగ్రత్త యని వాని అరచేతిమీద బెత్తముతో ఎన్నిసారులు కొట్టితినో లెక్క లేదు. వర్షకాలమున వాడు చెవిలో దూది పెట్టుకొని వచ్చెడివాడు. ఆ దూదిని నేను ప్రతిదినమును చూచియుంటిని.

అతడిప్పుడు మా మండలములోనే ఒక దుకాణమున పద్దులు వ్రాయుచున్నాడు. పోయి చూచితిని. ఎఱిగి లేచి, "మాస్టరుగారూ, ఈవైపు కూర్చోండి, కుడిచెవి నాకు చిన్నప్పటినుండీ లేదు" అని ఎడమప్రక్కన కుర్చీ వేసెను. నేను వచ్చిన పని చెప్పితిని. ఆయన కాసేపు పద్దుపుస్తకమువంక చూచి, టీ తెప్పించినాడు.

ఈ కథ ప్రసంగములో చేర్చవలెనా వద్దా అని ఆలోచించితిని. ఫిల్టరును ఎన్నుకొనుటకు దీనితో ప్రసక్తి కలదని తోచి చేర్చితిని. కొనిపెట్టువారు తాతలు కావచ్చును గాని, ఎన్నుకొనవలసినది వాయించువాని చెవి. మన చెవి ఒప్పుకొనలేదని వారు కోరినదానిని త్రోసిపుచ్చరాదు. మనకు రెండును ఒక్కతీరుగా వినబడినను వారికి వేఱుగా వినబడుచుండవచ్చును. ఇంత యేల, మీడియం వేవులో స్టేషనుకును స్టేషనుకును నడుమ విడిచిన ఎడము తొమ్మిదివేల కంపనములు మాత్రమే గనుక, ఆ తరంగములపై వచ్చు మాటలలోను సకారములు కొంత కత్తిరింపబడియే చేరును. మీరు నా సకారములను మనస్సుతో పూరించుకొని వినుచున్నారు. అందులకు కృతజ్ఞుడను.

మావాడు చివరకు తన చెవితోనే ఓబర్‌హైము తెఱగుదానిని ఎన్నుకొనెను. డోప్ఫర్ వారి ఎ-106-5 అను పలకను తెప్పించితిమి. వచ్చిన దినమున ఒక జాగ్రత్త నేర్చుకొంటిని. పలక వెనుక విద్యుత్తునిచ్చు చదునుతీగ కొక అంచున ఎఱ్ఱగీత యుండును. ఆ ఎఱ్ఱగీత ఋణ 12 ఓల్టుల వైపునకు రావలెను. తలక్రిందుగా తగిలించినచో పలక క్షణములో కాలిపోవచ్చును. పెట్టెకు విద్యుత్తు ఆపి, ఎఱ్ఱగీతను ఇద్దరు చూచిన పిమ్మటనే మీట వేయుడు. మా ఇంట రెండవ సాక్షిని నేను. చూపు ఇంకను బాగుగనే యున్నది. కొనుటకు పూర్వమే ఆ పలక ధన ఋణములనుండి ఎన్ని మిల్లీ ఆంపియరులు తీసికొనునో చూచి, పెట్టె విద్యుత్తు చాలునో లేదో కూడిక వేసికొనవలెను. ఇదియొక పద్దు. పలక లోతు పెట్టెలో పట్టునో లేదో కూడ చూచుకొనవలెను.

ఇప్పుడు వాడు సాయంకాలములందు తంబురవలె ఒక ఆధారశ్రుతిని పెట్టి, ఊగు ఓల్టేజితో ఫిల్టరును మెల్లగా తెఱచి మూయుచు కూర్చుండును. పైస్వరములు ఒకదానివెంట నొకటి మేల్కొని, తిరిగి అణగుచుండును. జీవాళి నాదమునకు చాల దగ్గఱగా నుండును. ఎల్ల నాబు ప్రక్కన పలకమీద వాడు పెన్సిలుతో ఒక చిన్నగీత గీసినాడు. అంతవఱకు తాతయ్యకు వినబడునని గుర్తు. నాబు ఆ గీతను దాటి పైకి పోయినప్పుడు నాకేమియు మారదు. వంటయింటివైపు చూచి, "ఇప్పు డేమైనది?" అని అడుగుదును. మా ఇంటిది చెప్పును.